ఐదున్నర శ్రుతి గొంతు, ఆరు రకాల పని: ఒక గాయని కేసు

ఇక్కడి గాయని ఒక్క వ్యక్తి కాదు. వాయిస్ థెరపీకి (గొంతుకు సాధనలతో చేసే చికిత్సకు) మా దగ్గరికి వచ్చే కర్ణాటక సంగీత కళాకారుల్లో పదేపదే కనిపించే ఒక తరహా సమస్యను ఒకే కేసుగా కూర్చి రాశాం. అంకెలు కూడా ఆ తరహా కేసుల్లో మామూలుగా కనిపించేవే.

నేపథ్యం

వయసు 41. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నారు. పాడే శ్రుతి, అంటే ఆమె షడ్జం (‘స’) ఉండే ఎత్తు, ఐదున్నర. ఈ అంకె పెరిగేకొద్దీ షడ్జం పైకి పోతుంది. వారంలో ఆమె పని ఆరు రకాలు: కచేరీలు, సొంత సాధన, సంగీత కళాశాలలో సర్టిఫికెట్, డిప్లొమా తరగతులు, సాయంత్రాలు ఇంట్లో పిల్లల బ్యాచ్‌లు, తెల్లవారుజామున విదేశాల్లోని విద్యార్థులకు ఆన్‌లైన్ పాఠాలు, కూచిపూడి ప్రదర్శనలకు గాత్రం. వీటికి తోడు అప్పుడప్పుడు ఆకాశవాణి రికార్డింగు, ఎప్పుడో ఒక భక్తి గీతాల ఆల్బమ్. సంగీతమే జీవనాధారమైన వాళ్లలో చాలామంది దినచర్య ఇంచుమించు ఇలాగే ఉంటుంది. కచేరీల మీదే ఇల్లు గడిచేవాళ్లు బహు తక్కువ.

ఏడు నెలలుగా ఇబ్బంది పడుతున్నారు. తారస్థాయి (పై స్థాయి) గాంధారం (‘గ’) దాటాక అకారం (‘ఆ’ అని పాడటం) చీలుతోంది. గట్టిగా పాడితే స్వరం పలుకుతోంది కానీ మెల్లగా అందుకోబోతే ముందు గాలి వచ్చి, నాదం ఒక క్షణం ఆలస్యంగా తగులుతోంది. మూడో కాలంలో (అన్నిటికంటే వేగంగా పాడేటప్పుడు) బిరకాలు, అంటే వేగంగా దొర్లే స్వరాలు, అలుక్కుపోతున్నాయి. గొంతు దారికి రావడానికి ఇదివరకు పది నిమిషాలు చాలేది, ఇప్పుడు నలభై పడుతోంది. మంద్రం (కింది స్థాయి) మాత్రం మునుపటికంటే బాగుందని ఆమెకే ఆశ్చర్యం. అది మంచి లక్షణం కాదు. స్వరతంత్రులకు వాపు వచ్చి బరువెక్కితే కింది స్వరాలు నిండుగా వినిపిస్తాయి, పైవి జారిపోతాయి.

మా దగ్గరికి వచ్చేముందు ఒకరి సలహా మీద పది రోజులు పూర్తి మౌనం పాటించారు. గొంతు శుభ్రంగా వచ్చింది. తరగతులు మొదలైన రెండో రోజుకే పోయింది. మౌనం వాపును తగ్గించగలదు, వాపు తెచ్చిన టైమ్‌టేబుల్‌ను మార్చలేదు. ఈ కేసంతా నిజానికి ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

పరీక్షలో తేలినవి

ఈఎన్‌టీ వైద్యుల స్ట్రోబోస్కోపీలో (మెరిసే వెలుగులో స్వరతంత్రుల కంపనాన్ని చూసే పరీక్షలో) రెండు స్వరతంత్రుల మీదా, ఎదురెదురుగా, కంపించే భాగం నడిమధ్యన చిన్న మెత్తని ఉబ్బులు కనిపించాయి. తంత్రులు దగ్గరికి వచ్చినప్పుడు ఉబ్బులే ముందు తగులుకుని, వాటికి ముందూ వెనకా సందు మిగిలిపోతోంది. నాదంతో పాటు గాలి రావడానికి, మెల్లగా పాడబోతే నాదం అందకపోవడానికి ఆ సందే కారణం. తంత్రుల పొర మీద కంపనపు అల కదులుతోంది, రక్తం చిమ్మిన గుర్తు లేదు, పాలిప్ (కండ పెరుగుదల) లేదు. ఇవి గాయకుల్లో, టీచర్లలో తరచూ వచ్చే నాడ్యూల్స్, అదీ ఇంకా గట్టిపడని దశలో. ఈ దశలో కత్తి అవసరం లేదు. గట్టిపడ్డవాటికి కూడా థెరపీయే ముందు.

మా దగ్గర చూసిన కొలతలు: ఒకే ఊపిరిలో ‘ఆ’ నిలిపిన గరిష్ఠ సమయం 11 సెకన్లు. వయసులో ఉన్న మామూలు స్త్రీ గొంతుకు 15 నుంచి 20 ఉండాలి, గాయనికి ఇంకా ఎక్కువే ఉండాలి. ‘స్స్’ అని వట్టి గాలి 18 సెకన్లు వదలగలిగారు, ‘జ్జ్’ అని నాదంతో 11 మాత్రమే. నిష్పత్తి 1.6. ఇది 1.4 దాటితే ఊపిరిలో లోటు లేదు, తంత్రుల దగ్గరే గాలి కారుతోందని అనుమానించాలి. మాట్లాడే స్థాయి 172 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు). ఆమె షడ్జం 208 కాబట్టి, మాట దానికి కిందున్న మంద్ర చతుశ్రుతి ధైవతం (‘ద’) దగ్గర నడుస్తోందన్నమాట. వాక్యం చివర్లో గొంతు నొక్కుకుపోయి గరగరమంటోంది. పాటలో ఇంత జాగ్రత్త పడే మనిషి మాటను పూర్తిగా గాలికి వదిలేశారు. సంగీత విద్వాంసుల్లో ఇది కొత్త కాదు.

వారం లెక్క

గొంతు ఎక్కడ అరుగుతోందో తెలియాలంటే డైరీ తప్పదు. జ్ఞాపకం మీద అడిగితే అందరూ కచేరీ గురించే చెబుతారు. ఆమె కూడా సీజన్‌లో వరసగా పడ్డ కచేరీల వల్లే అన్నారు. వారం డైరీ ఇంకోలా చెప్పింది: కచేరీ రెండున్నర గంటలు, సాధన ఐదు, కళాశాల పదిహేను, ఇంటి బ్యాచ్‌లు ఎనిమిది, ఆన్‌లైన్ ఐదు, నృత్యం రిహార్సల్ నాలుగున్నర. మొత్తం నలభై గంటల్లో పాఠాలే ఇరవై ఎనిమిది.

ఐదున్నర శ్రుతి షడ్జం నిలిపితే తంత్రులు సెకనుకు 208 సార్లు తగులుకుంటాయి. ఆగకుండా గంటసేపు పలికిన నాదానికి ఏడున్నర లక్షల తాకిడి, తారషడ్జమైతే దానికి రెట్టింపు. కచేరీలో ఈ తాకిడికి విరామాలు ఉంటాయి. వయొలిన్ రాగం వాయిస్తుంది, కల్పనస్వరానికి (అప్పటికప్పుడు అల్లి పాడే స్వరాలకు) బదులు చెబుతుంది, తని ఆవర్తనం (తాళవాద్యాలే వాయించే భాగం) పది పదిహేను నిమిషాలు నడుస్తుంది. తరగతిలో ఆ విరామాలు లేవు. ఒక 45 నిమిషాల పాఠాన్ని రికార్డు చేసి లెక్క కడితే 27 నిమిషాలు ఆమె గొంతే వినిపిస్తోంది: పదిహేను నిమిషాలు పిల్లలతో కలిసి పాడటం, పన్నెండు నిమిషాలు తంబూరా మోతను మించి మాట్లాడటం.

అసలు చిక్కు గంటల్లో కంటే శ్రుతిలో ఉంది. డిప్లొమా తరగతిలో మగపిల్లలు ఎక్కువ, పెట్టేది ఒకటిన్నర శ్రుతి. అక్కడ ఆమెకు రెండే దారులు. షడ్జాన్ని 277 హెర్ట్జ్ దగ్గర పట్టుకుంటే తారషడ్జం 554, తారపంచమం 831. అంత పైన పాఠం చెప్పలేరు. 139 దగ్గర పట్టుకుంటే మధ్యస్థాయి సగభాగం ఆమె సహజ స్థాయికి కింద పడుతుంది. ఆ కింది స్వరాలు ఇరవై మందికి వినిపించాలని గొంతు నొక్కి పాడుతున్నారు. పంచమం దాటాక హాయిగా ఉంటుంది, మళ్లీ కిందికి దిగగానే నొక్కు. సాయంత్రం ఇంటికి వస్తే పిల్లల బ్యాచ్ ఆరున్నర శ్రుతి. అదే రోజు రాత్రి సొంత సాధన ఐదున్నర. ఒకే రోజులో మూడు షడ్జాలు, అందులో రెండు తనవి కావు.

నృత్యం రిహార్సల్ ఇంకో రకం బరువు. నట్టువాంగం (నృత్యాన్ని నడిపించే) తాళాలు చెవి పక్కనే మోగుతుంటాయి. తన గొంతు తనకు వినపడక తెలియకుండానే స్వరం పెంచేస్తారు. పైగా రిహార్సల్‌లో పాట మొదటినుంచి సాగదు. అడుగు తప్పిన చోటల్లా ఆపి, తారస్థాయి పల్లవి మధ్యలోంచి మళ్లీ ఎత్తుకోవాలి. గొంతును మెల్లగా పైకి నడిపించే వీలు ఉండదు.

ఆన్‌లైన్‌లో సమస్య చాలావరకు సెట్టింగులదే. మీటింగ్ యాప్‌లు నిలకడగా సాగే స్వరాన్ని ఫ్యాన్ చప్పుడు అనుకుని కోసేస్తాయి. అవతలివాళ్లు వినపడలేదంటారు, ఈవిడ ఇంకాస్త గట్టిగా పాడతారు. జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యూజిషియన్స్’ ఆన్ చేసి, రెండు చెవులూ మూసే హెడ్‌ఫోన్ తీసి ఒక చెవికే పెట్టుకోమంటే మొదటి రోజే తేడా తెలిసింది. ఇంత సులువుగా తీరిన సమస్య ఈ కేసులో ఇంకొకటి లేదు.

మొదటి నాలుగు వారాలు

పూర్తి మౌనం చెప్పలేదు. గుసగుస అసలే వద్దన్నాం. చాలామంది గుసగుసలాడితే విశ్రాంతి అనుకుంటారు గానీ గొంతు బిగించి గుసగుసలాడేవాళ్లే ఎక్కువ. రోజుకు మొత్తం పాట రెండు గంటలు దాటకూడదు. రోజూ ఉదయం చేసే మెల్లని పరీక్ష తప్ప తారస్థాయి గాంధారం పైన పని లేదు, మూడో కాలం లేదు. ఆ నెల కచేరీ ఒకటి వాయిదా వేశారు.

గొట్టం సాధన: 5 నుంచి 6 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న స్ట్రా, పొడవు ఇరవై సెంటీమీటర్లు, సగం నీళ్లున్న గ్లాసులో 2 సెంటీమీటర్లు మునగాలి. పెదాలు స్ట్రా చుట్టూ మూసుకుని ‘ఊ’ అంటూ నాదం వదలాలి. మంద్రపంచమం నుంచి మధ్యపంచమం వరకు జారుగా పైకీ కిందికీ. ఒక్కో విడత మూడు నిమిషాలు, రోజుకు ఐదారు విడతలు. తరగతికీ తరగతికీ మధ్య ఒకటి తప్పనిసరి. నీటిలోంచి వచ్చే ఎదురు ఒత్తిడి తంత్రులను పైనుంచి కాస్త విడదీసి పట్టుకుంటుంది. తాకిడి తగ్గుతుంది, నాదం మాత్రం ఆగదు.

ఇందులో జరిగే తప్పులు మూడు. బుడగలు మరిగే నీళ్లలా పొంగితే ఊపిరి ఎక్కువ తోస్తున్నట్టు. ముక్కు మూసి చూడగానే నాదం ఆగిపోతే గాలి స్ట్రాలోకి కాక ముక్కులోంచి పోతోంది. మెడ పక్కన నరాలు లేస్తే స్ట్రా మరీ సన్నంది లేదా నీళ్లు మరీ లోతు. మొదట్లోనే కాఫీ కలిపే సన్నని గొట్టంతో మొదలుపెట్టడం వల్ల మెడ పట్టేసినవాళ్లు చాలామంది. ఈవిడ చేసిన పొరపాటు మొదటిది. బుగ్గలు వదులుగా ఉబ్బనిస్తే సరిపోయింది.

రెండో వారం నుంచి సరళీ వరసలు (తొలి పాఠాల స్వర వరసలు) స్ట్రాలోంచి, ఆ పాఠాల రాగమైన మాయామాళవగౌళలోనే, నాలుగున్నర శ్రుతిలో. తర్వాత ఒక వరస స్ట్రాతో, అదే వరస అకారంతో. అకారంలో నొక్కు కనిపిస్తే మళ్లీ స్ట్రాకి.

జంట వరసల (ప్రతి స్వరాన్నీ రెండేసిసార్లు పాడే వరసల) దగ్గర అసలు దోషం బయటపడింది. జంటలో రెండో స్వరానికి ఊనిక ఉండాలి. ఆ ఊనికను ఆమె గొంతులో కొట్టి తెస్తున్నారు: తంత్రులు ముందు గట్టిగా మూసుకుని, తర్వాత ఒక్కసారిగా తెరుచుకోవడం. ‘సస రిరి గగ’ అని ఒక వరస పాడితే పదహారు దెబ్బలు, అందులో ఎనిమిది గట్టివి. ఇరవై ఏళ్లు రోజూ పిల్లలకు ఇదే పాడి చూపించారు. దిద్దుబాటు చెప్పడానికి తేలిక, పట్టుబడటానికి కష్టం. రెండో స్వరాన్ని దాని కింది స్వరం నుంచి రవ్వంత తాకి ఎత్తాలి. అంటే రెండో రిషభానికి షడ్జం అంచు తగలాలి. పొట్ట దగ్గర ఊపిరి చిన్న తోపు ఇవ్వాలి. అరచేయి పొట్ట మీద పెట్టుకుని, మొదట ‘హస’ అని హకారంతో పాడించి, తర్వాత హకారాన్ని వినపడనంత పలచన చేయించాం. సంప్రదాయంలోని ఊనిక పోలేదు, అది గొంతు నుంచి ఊపిరికి మారింది. బిరకాలు తిరిగి విడివిడిగా పలకడానికి ఈ ఒక్క మార్పు మిగతావాటన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిందని మా అంచనా.

తారస్థాయికి ముందు ఊకారంలో, ఈకారంలో పాడించి ఆపైనే అకారానికి వచ్చాం. కచేరీలో అకారాన్ని ఊకారం వైపు వంచడం సంప్రదాయానికి నచ్చదు, నచ్చక్కర్లేదు కూడా. సాధనలో దారి దొరకడానికే అది.

మందుల సంగతి క్లుప్తంగా. జలుబుకు వాడే యాంటీ హిస్టమిన్ గొంతును ఎండబెడుతుంది కాబట్టి డాక్టరుతో మాట్లాడి మార్పించుకున్నారు. ఆవిరి హాయినిస్తుంది, నాడ్యూల్‌ను కరిగించదు. నెలసరికి ముందు రోజుల్లో తంత్రులకు కొద్దిగా నీరు పట్టడం చాలామందిలో ఉంటుంది. ఆల్బమ్ రికార్డింగు తేదీలు ఆ రోజులు తప్పించి పెట్టుకోమన్నాం.

పాఠం చెప్పే తీరు

దీని మీదే ఎక్కువ వాదన జరిగింది. కర్ణాటక సంగీతం ముఖతః నేర్పే విద్య, గురువు పాడకపోతే గమకం (స్వరాన్ని ఊపి, జార్చి పలికించే తీరు) ఎలా వస్తుందన్నది ఆమె అభ్యంతరం. న్యాయమైనదే. అందుకే ‘తక్కువ పాడండి’ అనలేదు. గురువు గొంతు లేనిదే కుదరని చోటు ఏది, ఆ గొంతు లేకపోయినా నడిచే చోటు ఏదని విడదీశాం. కొత్త సంగతి (పాట పంక్తిని మార్చి పాడే తీరు) మొదటిసారి వినిపించడం, కంపితం ఎంత ఊగాలో, జారు ఎక్కడ దిగాలో చూపడం గురువు గొంతుతోనే జరగాలి. పిల్లలు అప్పజెప్పేటప్పుడు కలిసి పాడటం, పదోసారి వరస తిప్పించడం, తాళం వేయించడం, అలంకారాలు (తాళాల్లో పాడే అభ్యాస వరసలు) మూడు కాలాల్లో నడిపించడం అలా కాదు. వాటికి ముందు బ్యాచ్ పిల్ల ఒకరు, చేతి తాళం, ఆమె సొంత గొంతు రికార్డింగు చాలు. సూత్రం ఇలా కుదిరింది: గురువు ఒకసారి పాడాలి, పిల్లలు రెండుసార్లు పాడేటప్పుడు గురువు వినాలి. కలిసి పాడకూడదు.

రెండు వారాలకు ఆమే చెప్పిన మాట ఏమిటంటే, కలిసి పాడినన్నాళ్లూ ఎవరు శ్రుతి తప్పుతున్నారో తనకు తెలియలేదని. గురువు గొంతు మీద పిల్లలు వాలిపోతారు, తప్పు కప్పబడిపోతుంది.

రాతను కూడా తక్కువగా చూడక్కర్లేదు. శ్రీపాద పినాకపాణి వృత్తికి వైద్యులు. కచేరీ గాయకుడిగా కంటే గురువుగా ఎక్కువ పేరు పొందారు. గమకాలు వివరంగా తెలిసేలా కీర్తనలను స్వరపరిచి పెట్టారు. అలాంటి స్వరలిపి ముందు ఉంటే డిప్లొమా విద్యార్థికి గురువు మూడుసార్లు పాడాల్సింది ఒకసారికి దిగుతుంది. ఆమె ఒక సెమిస్టరు పాఠాలను అలా రాసి పెట్టుకున్నారు. ఆ పనికి గొంతుతో అవసరమే లేదు.

శ్రుతి విషయంలో ఏర్పాటు ఇది. ఆమె కచేరీ శ్రుతిని ఐదున్నర నుంచి ఐదుకు దించాం. మగపిల్లల బ్యాచ్‌ను ఒకటి శ్రుతికి తెచ్చాం. ఒకటి శ్రుతికి పంచమమే ఐదు శ్రుతి షడ్జం. ఆమెకూ పిల్లలకూ చెరో శ్రుతి పెట్టె (షడ్జం మోగుతూ ఉండే పరికరం). ఆమె ఐదులో పాడి చూపి పెట్టె ఆపేస్తారు, పిల్లలు ఒకటిలో అందుకుంటారు. మొదట పది రోజులు గందరగోళమే. విన్నదాన్ని తమ షడ్జానికి మార్చుకోలేక కొందరు పంచమం నుంచి ఎత్తుకున్నారు. అది కుదిరాక శ్రుతిజ్ఞానం బాగుపడింది, మాకు కావలసింది మాత్రం ఆమె గొంతు తన శ్రుతిలో ఉండటం. పిల్లల బ్యాచ్‌ను ఆరున్నర నుంచి ఆరుకు దించారు. వాళ్లకు చూపేటప్పుడు తారస్థాయి సంగతులు పెద్ద శిష్యురాలు పాడుతుంది.

ఇరవై మంది తరగతికి కాలర్ మైకు, చిన్న స్పీకరు. శబ్దం మామూలు మాట స్థాయికి మించకూడదు. మైకు పెద్దగా పెడితే పిల్లలు గట్టిగా పాడతారు, ఆపైన గురువూ గట్టిగా. మాట్లాడాలంటే ముందు తంబూరా ఆపాలన్న నియమం ఒక్కటే ఆమెకు రోజూ గుర్తుచేయాల్సి వచ్చింది.

మూడో వారంలో ఎదురుదెబ్బ

మాట తేటపడింది. ఆ ఉత్సాహంతో వరసగా మూడు రోజులు నృత్యం రిహార్సల్ ఒప్పుకున్నారు. మాట బాగుండటం మోసం చేస్తుంది. చిన్న ఉబ్బు మాటలో వినపడదు, మెల్లని తారస్థాయిలోనే పట్టుబడుతుంది.

అందుకే మొదటినుంచే ఒక పరీక్ష రోజూ పెట్టాం. ఉదయం స్ట్రా సాధన అయ్యాక, ఐదు శ్రుతిలో, పక్క గదిలో పడుకున్నవాళ్లు లేవనంత మెల్లగా తారషడ్జం నుంచి అకారంలో ‘సరిస, సరిగరిస, సరిగమగరిస’ అని మెట్టు మెట్టుగా. నాదం ఆలస్యంగా అందిన మొదటి స్వరం పేరు, తేదీ రాయాలి. గట్టిగా పాడి గట్టెక్కించకూడదు. రిహార్సల్‌కు ముందు ఆమె మధ్యమం దాకా వచ్చారు. మూడో రోజు తర్వాత రిషభం దగ్గరే ఆగింది. మళ్లీ మధ్యమానికి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. మా హెచ్చరికలకంటే ఆ కాగితమే ఆమెకు ఎక్కువ చెప్పింది.

కచేరీకి తిరిగి రావడం

ఎనిమిదో వారంలో గంటన్నర కచేరీ, పన్నెండో వారంలో పూర్తి నిడివి. శ్రుతి దించడాన్ని గాయకులు ఓటమిగా తీసుకుంటారు. పక్కవాయిద్యాలవాళ్లు ఏమనుకుంటారోనని ఈవిడకూ ఉంది. వయొలిన్ శ్రుతి దించుకోవాలి, మృదంగం మారాలి, అంతే. వచ్చిన లాభం అంకెల్లో ఉంది: తారపంచమం 623 నుంచి 588 హెర్ట్జ్‌కు దిగింది, అనుపల్లవుల్లో (పల్లవి తర్వాత పైకి సాగే భాగాల్లో) నిలబడటానికి చోటు దొరికింది.

పాటల వరస మార్చాం. మొదట పాడే వర్ణం ఒకే కాలంలో (ఒకే వేగంలో). రెండో అంశంగా తారస్థాయిలో నిలిచే కీర్తన పెట్టే అలవాటు మానిపించాం. ప్రధాన రాగం ముందు మధ్యస్థాయిలో తిరిగే చిన్న కీర్తన. తని ఆవర్తనంలో తాళం వేయడం తప్ప మాట లేదు. పక్కనున్న శిష్యురాలితో తర్వాతి పాట గురించి గుసగుసలు కూడా లేవు. మానిటర్‌లో తంబూరా, సొంత గొంతు మాత్రమే, మృదంగం తీసేయాలి. కచేరీ అయ్యాక ఐదు నిమిషాలు స్ట్రా. అన్నిటికంటే కష్టమైనది ఆ తర్వాతి అరగంట. రసికులు చుట్టుముడతారు, హాలు గోలగా ఉంటుంది, నవ్వుతూ అరుస్తూ మాట్లాడాలి. చేతులు జోడించి బయటికి నడిచి, ఆవరణలో మాట్లాడే పద్ధతి పెట్టుకున్నారు.

పనుల బరువు

ఆరు రకాల పని ఉండటమే తప్పని మొదట అందరూ అనుకున్నారు. మేం అలా చూడలేదు. ఇన్ని రకాలు ఉన్నాయి కాబట్టే మార్చి పెట్టుకునే వీలుంది. కచేరీలు తప్ప ఇంకేమీ లేని గాయకుడికి ఈ వెసులుబాటు లేదు. ప్రతి పనికీ ఒక బరువు రాశాం. కచేరీ, నృత్యం రిహార్సల్, ఆల్బమ్ రికార్డింగు మూడు. గాత్ర తరగతి, ఆన్‌లైన్, సాధన రెండు. సంగీత శాస్త్రం (థియరీ) పేపరు బోధన, మైకుతో ఉపన్యాసం ఒకటి. స్వరలిపి రాయడం, పోటీలకు న్యాయనిర్ణేతగా కూర్చోవడం సున్నా. వరసగా రెండు రోజులు మూడు బరువు పడకూడదు, మూడు ఉన్న రోజున రెండు బరువు పని ఒక్కటే. కళాశాలలో శాస్త్రం తరగతులు ఇంకో అధ్యాపకుడితో మార్చుకుని వారానికి నాలుగు గంటలు తీసుకున్నారు. ఇంటి బ్యాచ్‌లు నాలుగు రోజుల నుంచి మూడుకు తగ్గాయి, కొంత ఆదాయం తగ్గింది. పాడే గంటలు నలభై నుంచి ముప్ఫై ఒకటికి దిగాయి.

పన్నెండో వారం

‘ఆ’ 16 సెకన్లు, ‘స్స్–జ్జ్’ నిష్పత్తి 1.1. మాట స్థాయి 190 హెర్ట్జ్ చుట్టూ, గరగర వాక్యం చివర్లో అరుదుగా. మెల్లని పరీక్షలో తారపంచమం అందుతోంది. స్ట్రోబోస్కోపీలో కుడి తంత్రి దాదాపు చదునుగా ఉంది, ఎడమ వైపు కొద్ది మందం మిగిలింది, సందు చాలావరకు మూసుకుంది. పూర్తిగా పోయిందని రాయలేం.

పాడుతుండగా ఒక్కసారిగా గొంతు ఆగిపోయినా, కళ్లెలో రక్తం పడినా, బొంగురు మూడు వారాలు దాటినా స్ట్రా జోలికి పోకుండా ముందు ఈఎన్‌టీకి వెళ్లాలని రాసిచ్చాం. మళ్లీ స్ట్రోబోస్కోపీ ఆరు నెలలకు. అప్పటిదాకా ఉదయం పరీక్ష ఆపేది లేదు. వరసగా రెండు ఉదయాలు రెండు స్వరాలు కిందికి దిగితే ఆ రోజు మూడు బరువు పని ఏదైనా సరే రద్దు. నృత్యం రిహార్సల్‌లో మాత్రం ఇంకా ఒప్పందం కుదరలేదు. రికార్డు చేసిన ట్రాక్‌తో అడుగులు సాధన చేసి, చివరి రెండు రిహార్సళ్లకే ఆమెను పిలవమని నట్టువాంగం చేసేవారిని అడిగారు, జవాబు రావాలి.